ఇంగ్లీషు జాతీయాల సాధనకు అంకీ: 14 నెలల వాడకం తర్వాత ఒక సమీక్ష

పోటీ పరీక్షల ఇంగ్లీషు పేపరులో వ్యాకరణానికి సూత్రం ఉంటుంది, కాంప్రహెన్షన్‌కు పేరా కళ్ళ ముందే ఉంటుంది, జాతీయాలకు (ఇడియమ్స్) మాత్రం పట్టుకోవడానికి ఏ ఆధారమూ దొరకదు. తెలిస్తే ఐదు సెకన్లలో జవాబు గుర్తించి ముందుకు వెళ్ళిపోతాం. తెలియకపోతే ఐదు నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నా లాభం ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని, డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్ నగర్‌లో హాస్టల్ తీసుకుని స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షలకు తయారవుతున్న నాకు ఈ సంగతి మొదటి మాక్ టెస్టులోనే తెలిసివచ్చింది. గత 14 నెలలుగా జాతీయాల కోసం అంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేరును రోజూ వాడుతున్నాను. ఈ సమీక్ష దాని పనితీరు గురించీ, అంతకంటే ముఖ్యంగా అందులో మన చేత్తో మనం ఏం రాసుకోవాలనే దాని గురించీ. ఎందుకంటే అంకీ మనకు జాతీయాలను నేర్పే పని చేయదు, నేర్చుకున్నవాటిని మరిచిపోకుండా కాపలా కాస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది వారం తిరక్కుండానే దాన్ని ఫోనులోంచి తీసేస్తున్నారు.

ఈ విభాగానికి ఎంత సమయం కేటాయించాలన్నది ముందుగా తేల్చుకోవాలి. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు కోత. రెండో అంచెలో 45 ప్రశ్నలు, ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. జాతీయాల మీద నేరుగా వచ్చే ప్రశ్నలు ఒక్కో పేపరులో కొన్నే ఉంటాయి గానీ, మొత్తం 100 ప్రశ్నలకు 60 నిమిషాలే ఇచ్చే మొదటి అంచెలో వాటి విలువ మార్కులతో పాటు మిగిలే సమయంలోనూ ఉంది. సైన్యంలో అధికారుల ఎంపికకు యూపీఎస్సీ నిర్వహించే సీడీఎస్ పరీక్షలో ఇంగ్లీషుకే విడిగా 120 ప్రశ్నల పేపరు ఉంటుంది, అందులోనూ జాతీయాలు కనిపిస్తాయి. బ్యాంకు పరీక్షల సంగతి వేరు, వాటికి ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో తర్వాత చెబుతాను.

అంకీకి రాకముందు అందరిలాగే నేనూ ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన జిరాక్సు మెటీరియల్‌తో మొదలుపెట్టాను. అందులో 1,500 జాతీయాలు అక్షర క్రమంలో, ఎదురుగా ఒక్కొక్క మాటలో తెలుగు అర్థంతో ఉండేవి. రోజుకు 50 చొప్పున చదివి, నెల రోజుల్లో పూర్తి చేశానన్న తృప్తితో మాక్ రాస్తే, నాలుగు జాతీయాల్లో మూడు తప్పాయి. కారణం వెతుక్కోవడానికి మళ్ళీ ఆ కాగితాలే ముందేసుకున్నప్పుడు రెండు లోపాలు కనబడ్డాయి. మొదటిది ఆ అక్షర క్రమమే. ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్, ఎట్ లాగర్‌హెడ్స్, ఎట్ డ్యాగర్స్ డ్రాన్ అనే మూడూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటిదానికి గందరగోళంగా ఉండడమని, రెండోదానికి తగవు పడి ఉండడమని, మూడోదానికి కత్తులు నూరుకునేంత పగతో ఉండడమని అర్థం. ఒకేలా మొదలయ్యే మాటల్ని ఒకే పూట చదివితే బుర్రలో అవి ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి, నాకూ అదే జరిగింది. రెండో లోపం ఇంకా పెద్దది. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ ఇంగ్లీషులోనే ఉంటాయి. నేను తెలుగు అర్థం ఒక్కటే బట్టీ పట్టాను కాబట్టి, అర్థం తెలిసి కూడా దానికి సరిపోయే ఇంగ్లీషు వాక్యం ఏదో పోల్చుకోలేకపోయాను.

అంకీ గురించి మా లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చునే ఒక అమ్మాయి చెప్పింది. జపాను భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. 2006లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు చేసే పని నిజానికి చాలా పాతది. మనిషి నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతాడన్నది 1885లోనే జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్, అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, తన మీద తానే పరీక్షలు జరుపుకుని లెక్కగట్టాడు. మరిచిపోయే వేళకు ఒకసారి గుర్తు చేసుకుంటే ఆ జ్ఞాపకం మునుపటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి, రెండు పునశ్చరణల మధ్య ఎడం పెంచుకుంటూ పోవచ్చన్నది దాని మీద కట్టుకున్న పద్ధతి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అట్ట కార్డులను డబ్బా అరల్లో ఒకదాన్నుంచి మరోదానిలోకి జరుపుతూ ఇదే పనిని చేత్తో చేసే మార్గం చూపాడు. ఆ డబ్బాను ఇప్పుడు ఫోనులోకి తెచ్చారనుకుంటే అంకీ అర్థమైపోతుంది.

కార్డుకు ముందువైపు ఒక ప్రశ్న రాసుకుంటాం, వెనుకవైపు జవాబు. ముందువైపు చూసి జవాబును మనసులో చెప్పుకుని, కార్డు తిప్పి, ఎంత తేలికగా గుర్తొచ్చిందో నాలుగు మీటల్లో ఒకదాన్ని నొక్కి చెప్పాలి: మళ్ళీ, కష్టం, బాగుంది, తేలిక. కొత్త కార్డుకు వరుసగా బాగుంది అని నొక్కుతూ పోతే అది పది నిమిషాలకు, మర్నాడు, ఆపైన రెండు మూడు రోజులకు, వారానికి, దాదాపు మూడు వారాలకు, నెలన్నరకు, ఇలా ఎడమవుతూ మన ముందుకు వస్తుంది. మధ్యలో ఒక్కసారి మళ్ళీ అని నొక్కితే కథ మొదటికి వస్తుంది. 2023 చివరి నుంచి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త గణన పద్ధతి కూడా ఇందులో చేరింది. దాన్ని ఎంచుకుంటే నూటికి 90 కార్డులు గుర్తుండేలా, మన జవాబుల చరిత్రను బట్టి మనకు తగిన ఎడాన్ని అదే లెక్కవేస్తుంది. నేను ఆరు నెలలు పాత పద్ధతిలో నడిపి తర్వాత దీనికి మారాను. రోజువారీ కార్డుల బరువు తగ్గింది, మాక్‌లలో తేడా రాలేదు.

ఇక్కడ నిజాయితీ చాలా అవసరం. జవాబు సగం గుర్తొచ్చినప్పుడు కార్డు తిప్పి చూసి, "ఆ, ఇదే కదా, నాకు తెలుసు" అనుకుని బాగుంది అని నొక్కే అలవాటు మొదటి నెలలో నాకుండేది. అలా నొక్కిన ప్రతి కార్డూ రెండు వారాల తర్వాత ముఖం తెలియని మనిషిలా ఎదురొచ్చింది.

అసలు విషయం కార్డు మీద ఏం రాస్తామన్న దగ్గర ఉంది. చాలా ప్రయోగాల తర్వాత నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. ముందువైపు జాతీయాన్ని ఒంటరిగా రాయను, అది వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని రాస్తాను, ఆ వాక్యం నా బతుకులోంచి రావాలి. వెనుకవైపు మొదటి వరుసలో పరీక్ష ఆప్షన్లలో కనిపించే తరహాలో ఒక చిన్న ఇంగ్లీషు అర్థం, దాని కింద తెలుగులో దానికి సాటివచ్చే నుడి. ఉదాహరణకు రాబ్ పీటర్ టు పే పాల్ అనే జాతీయం ఉంది, ఒకరి దగ్గర తీసుకుని మరొకరి అప్పు తీర్చడమని దాని అర్థం. ఆ పీటరూ పాలూ ఎవరో నాకు తెలియదు గానీ, నా హాస్టల్ ఫీజు కోసం డ్వాక్రా సంఘంలో తెచ్చిన అప్పును మా అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి తీర్చడం తెలుసు. ఆ సంగతినే మూడు ముక్కల ఇంగ్లీషు వాక్యంగా రాసుకున్నాను. ఈ 14 నెలల్లో ఆ కార్డు ఒక్కసారి కూడా తప్పలేదు.

తెలుగు సాటి రాసుకోవడం మొదలుపెట్టాక నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. ఎక్కడో చలిదేశంలో పుట్టిన మాటలు మన ఇళ్ళల్లో రోజూ అనుకునే మాటలతో అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. బైట్ ది డస్ట్ అంటే ఓడిపోవడం, మనం మట్టి కరవడమంటాం. బర్న్ వన్స్ ఫింగర్స్ అంటే తెలియని వ్యవహారంలో దిగి నష్టపోవడం, మనం చేతులు కాల్చుకోవడమంటాం. టర్న్ ఎ డెఫ్ ఇయర్‌కు పెడచెవిన పెట్టడం ఉంది. అవుట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్ ఇన్‌టు ది ఫైర్ అన్నప్పుడు పెనం మీంచి పొయ్యిలో పడడం తప్ప ఇంకేం గుర్తొస్తుంది? గుర్రం పారిపోయాక సాలకు తాళం వేయడమనే వాళ్ళ మాటకు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, దయ్యానికీ లోతైన సముద్రానికీ మధ్య చిక్కడమనే మాటకు ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఇలాంటి కార్డుల మీద వెనుకవైపు సరి అని రాసి వదిలేస్తాను, వీటిని రెండోసారి చదవాల్సిన పని పెద్దగా ఉండదు. నా లెక్క ప్రకారం మెటీరియల్‌లో ఉన్నవాటిలో ఇలా తెలుగు వచ్చినవాళ్ళకు ముందే సగం తెలిసినవి వందకు పైగా ఉన్నాయి. మన చదువులో ఇంగ్లీషు క్లాసులో తెలుగు సామెతకు చోటు లేకపోవడం వల్ల, చేతిలో ఉన్న ఈ సొమ్మును వాడుకోకుండా వదిలేస్తున్నాం.

అయితే ఈ పోలికే కొన్నిచోట్ల నిలువునా ముంచుతుంది, పరీక్ష పెట్టేవాళ్ళు ఆప్షన్లు తయారుచేసేటప్పుడు మన తెలుగును దృష్టిలో పెట్టుకోకపోయినా సరే. గది పంచుకునే జగిత్యాల చెల్లి ఒకరోజు మాక్ జవాబులు చూసుకుంటూ నా వైపు తిరిగింది.

"అక్కా, గివ్ ఎ హ్యాండ్ అంటే చెయ్యిచ్చుడే గదా? మోసం చేసుడని పెట్టిన, తప్పని చూపిస్తాంది."

"మనకు చెయ్యివ్వడమంటే మోసమే, వాళ్ళకు మాత్రం సాయం చేయడం."

"గట్లెట్లా అక్కా? చెయ్యి ఒక్కటే గదా!"

ఆ రాత్రే మేమిద్దరం కూర్చుని ఇలాంటివన్నీ ఏరడం మొదలుపెట్టాం. పుల్ సమ్‌వన్స్ లెగ్ అంటే ఇంగ్లీషులో ఆటపట్టించడం, మనకు కాళ్ళు పట్టి లాగడమంటే ఎదిగేవాణ్ణి కిందికి గుంజడం. ఈట్ వన్స్ వర్డ్స్ అంటే అన్న మాటను తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకోవడం, మనం మాట మింగేశాడంటే నోటిదాకా వచ్చినదాన్ని అనకుండా ఆపుకున్నాడని. సిట్ ఆన్ ది ఫెన్స్‌కు గోడ మీద పిల్లి అని చాలా మెటీరియళ్ళలో రాసి ఉంటుంది, దగ్గరగానే ఉంది కానీ పూర్తిగా సరికాదు. కంచె మీద కూర్చున్నవాడు ఏ పక్షమూ తీసుకోడు, మన గోడ మీది పిల్లి లాభం చూసుకుని ఏదో ఒక పక్కకు దూకడానికి కాచుకుని ఉంటుంది. తటస్థంగా ఉండడం, అవకాశం చూసి పక్షం మార్చడం అనే రెండూ ఆప్షన్లలో పక్కపక్కనే వస్తే పిల్లి మనల్ని తప్పు వైపు దూకిస్తుంది. ఇలాంటి కార్డుల వెనుక జాగ్రత్త అని పెద్ద అక్షరాలతో రాసుకుంటాను, వాటికి ట్యాగు కూడా అదే పెట్టాను. పరీక్షకు పది రోజుల ముందు ఆ ట్యాగు ఉన్నవాటినే విడిగా తీసి చదవడానికి అంకీలో వీలుంది.

ఒక్కొక్క మాట కాకుండా ఒక గుంపు మొత్తం తేడాగా ఉండడం కూడా ఈ పనిలోనే గమనించాను. మనది ఎండల దేశం కాబట్టి మనకు చల్లదనం సుఖం, దీవెన. చల్లగా ఉండమని ఆశీర్వదిస్తాం, బిడ్డను తలుచుకుని కడుపు చల్లగా అనుకుంటాం, మంచి వార్త చల్లని కబురు. ఇంగ్లీషులో చలి తగిలిన జాతీయం దాదాపు ప్రతిదీ చేదుగానే ఉంటుంది. గెట్ కోల్డ్ ఫీట్ అంటే చివరి నిమిషంలో జంకడం, కోల్డ్ షోల్డర్ చూపడమంటే ముఖం తిప్పుకోవడం, ఇన్ కోల్డ్ బ్లడ్ అంటే జాలి లేకుండా, త్రో కోల్డ్ వాటర్ అంటే ఉత్సాహాన్ని చంపేయడం. వాళ్ళకు ఆదరణ అంటే వెచ్చదనం, అందుకే స్వాగతం వార్మ్ వెల్‌కమ్ అవుతుంది. తెలియని జాతీయంలో కోల్డ్ అనే మాట కనబడి, నాలుగు ఆప్షన్లలో ఒకటి మాత్రమే మంచి అర్థంతో ఉంటే, దాన్ని ముందుగా కొట్టేయవచ్చన్న ధైర్యం నాకు ఇప్పుడుంది. అలాగని అన్నిచోట్లా దీన్నే నమ్ముకోకూడదు, కోతకు భయపడాల్సిందే. కానీ పూర్తి చీకట్లో ఉన్నవాళ్ళకు ఇది గుడ్డిదీపమైనా అవుతుంది.

జాతీయం ఎలా పుట్టిందో తెలుసుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు, జాతీయాన్ని బట్టి ఉంటుందన్నదే. ఎట్ ది ఎలెవెన్త్ అవర్ అంటే చివరి క్షణంలో అని అర్థం. పదకొండో గంట చివరిది ఎందుకైందో తెలియకపోతే రాత్రి పదకొండు గంటలకు అనే ఆప్షను ఊరిస్తుంది. అది మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం నుంచి వచ్చింది. ఆ కాలంలో పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా పగటిని పన్నెండు గంటలుగా లెక్కపెట్టేవారు, కాబట్టి పదకొండో గంట అంటే పని ఆగిపోవడానికి ఒక్క గంట ముందు. తెలుగు బైబిలులో ఆ చోట దాదాపు అయిదు గంటలకు అని ఉండడం వల్ల, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే నా స్నేహితురాలికి కూడా ఈ జాతీయం తనకు తెలిసిన కథలోనిదేనని తట్టలేదు. స్టీల్ సమ్‌వన్స్ థండర్ కూడా అంతే. 1709లో లండన్‌లో జాన్ డెన్నిస్ అనే నాటకకర్త తన నాటకం కోసం ఉరుము చప్పుడు చేసే కొత్త ఏర్పాటు చేయించుకుంటే, నాటకం ఆడకపోయింది గానీ ఆ ఉరుము మాత్రం అదే రంగస్థలం మీద మరొకరి నాటకంలో వినబడింది. తన ఉరుమును దొంగిలించారని ఆయన మొత్తుకున్నాడని చెబుతారు. మరొకరికి దక్కాల్సిన పేరును తాను కొట్టేయడమనే అర్థం ఈ కథ విన్నాక మరిచిపోవడం కష్టం. పిర్రిక్ విక్టరీ అనే మాటకు మూలమైన కింగ్ పిర్రస్ క్రీస్తుపూర్వం 279లో రోమన్ల మీద గెలిచి, ఆ గెలుపులోనే తన సైన్యంలో పెద్ద భాగాన్ని పోగొట్టుకున్న సంగతి జనరల్ స్టడీస్‌కు కూడా అక్కరకొస్తుంది. కానీ ప్రతిదానికీ పుట్టుక వెతుకుతూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది, పైగా చాలావాటికి ప్రచారంలో ఉన్న కథలు ఒకదానికొకటి పొసగవు. అర్థానికీ మాటకూ మధ్య దారి కనిపించనప్పుడే కథ కోసం వెళ్ళాలి.

నాకు అలా దారి కనిపించనిది షో ది వైట్ ఫెదర్. తెల్ల జెండా గుర్తొచ్చి, సంధికి ఒప్పుకోవడమనే ఆప్షను పెట్టాను. సరైన జవాబు పిరికితనం చూపడం. వెతికితే ఇది కోడిపందేల నుంచి పుట్టిన మాటని తెలిసింది. పందెం పుంజు తోకలో తెల్ల ఈక ఉంటే అది మేలుజాతిది కాదని, బరిలో నిలవదని ఇంగ్లండులో నమ్మేవారట. మాది భీమవరం దగ్గర పల్లె. చట్టం ఒప్పని ఆటే అయినా, సంక్రాంతి వస్తే పుంజుల గురించి తప్ప వేరే మాట వినబడని చోట పెరిగినదాన్ని. ఆ సాయంత్రమే మావయ్యకు ఫోను చేసి అడిగాను. ఆయన కాసేపు నవ్వి, "డేగ ఎర్రగా ఉంటది, కాకి నల్లగా ఉంటది, సేతువ తెల్లగా ఉంటది. రంగుని బట్టి పేరు పెడతాం గానీ, తెల్ల ఈకున్నంత మాత్రాన పిరికిదని ఎవడన్నాడే అమ్మాయ్? సేతువ దిగితే ఎదురుపుంజుకి చెమటలే" అన్నారు. మావయ్య మాటనే ఇంగ్లీషులోకి మార్చి, మా సేతువ ఏనాడూ తెల్ల ఈక చూపలేదన్న అర్థం వచ్చే వాక్యాన్ని కార్డు ముందువైపు రాసుకున్నాను. తెల్ల ఈకల పుంజు తెల్ల ఈక చూపకపోవడంలో ఉన్న వింత వల్లే అది మనసులో నాటుకుపోయింది.

ఇలాంటి వాక్యాలు రాసుకోవడానికి సమయం పడుతుంది. ఒక్కో కార్డుకు నాకు మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతోంది. అందుకే ఎవరో తయారుచేసిన కార్డుల కట్టను దించుకుని వాడుకోవాలనిపిస్తుంది, ఇంటర్నెట్టులో అలాంటివి ఉచితంగా బోలెడు దొరుకుతాయి. నేనూ ఒకటి దించుకున్నాను. అందులో బైట్ ది బుల్లెట్‌కు బైట్ ది డస్ట్ అర్థం రాసి ఉంది. మొదటిదానికి బాధాకరమైనదాన్ని పళ్ళ బిగువున భరించడమని అర్థం, రెండోది ఓడిపోవడం. మూడు వారాల పాటు ఆ తప్పునే అంకీ ఎంతో శ్రద్ధగా నాచేత వల్లె వేయించింది. తప్పును గుర్తించాక దాన్ని మెదడులోంచి తుడవడానికి పట్టిన కాలంలో కొత్తవి ఇరవై నేర్చుకోవచ్చు. ఏ కార్డునైనా మంచి నిఘంటువులో సరిచూసుకున్నాకే చేర్చాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

రోజుకు కొత్త కార్డులు 20 అని అంకీలో ముందే పెట్టి ఉంటుంది. జాతీయాలకు అది ఎక్కువ. 20 కొత్తవి చూసిన సంబరం మొదటి వారమే ఉంటుంది, నెల తిరిగేసరికి పాతవన్నీ వరుస కట్టి రోజుకు 150కి పైగా కార్డులు తలుపు తడతాయి, గణితానికీ రీజనింగుకూ ఉంచుకున్న సమయాన్ని అవి తినేస్తాయి. నేను దాన్ని 6కు మించకుండా తగ్గించాను. ఇప్పుడు నా దగ్గర 600కు పైగా కార్డులున్నాయి, రోజుకు 40 దాకా వస్తాయి, చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కి దిగేలోపు సగం, రాత్రి అన్నం తిన్నాక సగం పూర్తవుతాయి. ఒక రోజు మానేస్తే మర్నాడు రెండింతలవుతాయి, ఊరికి వెళ్ళి పండగ నాలుగు రోజులూ మానేస్తే తిరిగి గాడిన పడడానికి వారం పడుతుంది. ఇది ఈ పద్ధతి స్వభావం. రోజూ పావుగంట ఇవ్వలేని వాళ్ళకు దీన్ని నేను సిఫారసు చేయను.

నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు జలగల గుర్తింపు. ఒక కార్డు ఎనిమిదిసార్లు తప్పితే అంకీ దానికి లీచ్ అనే ముద్ర వేస్తుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది, మన సమయాన్ని పీల్చే జలగ అని దాని భావం. పక్కన పెట్టడమంటే పారేయడం కాదు, ఆ కార్డును తిరగరాయమని చెప్పడం. ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్ నాకు అలా జలగైంది. తెరిచి చూస్తే దాని వాక్యం జిరాక్సు కాగితంలోంచి ఎత్తి రాసింది, ఏదో కంపెనీ లెక్కల గురించినది. దాన్ని తీసేసి, హాస్టల్లో మంచినీళ్ళ ట్యాంకరు రాని ఉదయం ఆరేడు గంటల మధ్య ముప్పై మంది అమ్మాయిలు బకెట్లతో కారిడార్లో పడే అవస్థను రాశాను. ఆరూ ఏడూ అనే అంకెలు గడియారంలోంచి వచ్చి అందులో ఇమిడిపోయాయి. ఆ అంకెల అసలు పుట్టుకతో దీనికి సంబంధం లేదు, ఆ కార్డు మాత్రం మళ్ళీ తప్పలేదు.

డబ్బు విషయానికొస్తే, ఆండ్రాయిడ్ ఫోనుకు అంకీడ్రాయిడ్ పేరుతో, కంప్యూటరుకు అంకీ పేరుతో ఉచితంగా దొరుకుతుంది, ప్రకటనలు లేవు. ఐఫోను యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. ఒకసారి కార్డులు చేరాక నెట్ అవసరం లేదు, ఊరికి వెళ్ళే రాత్రి రైల్లో సిగ్నల్ పోయిన చోట కూడా పనిచేస్తుంది. తెలుగు లిపి ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తుంది. ఉచిత ఖాతా తెరుచుకుంటే ఫోనూ కంప్యూటరూ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి, ఫోను పోయినా కష్టం పోదు. కార్డులు రాయడానికి కంప్యూటరు, చదవడానికి ఫోను అనుకూలం. మొదటి రోజు దాని సెట్టింగుల జోలికి పోవద్దు, రోజుకు కొత్త కార్డుల సంఖ్య ఒక్కటి మార్చుకుంటే చాలు.

బ్యాంకు పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్ళు దీని మీద ఇంత శ్రమ పెట్టాలా అంటే, పెట్టనక్కరలేదని నా అభిప్రాయం. ప్రిలిమ్స్‌లో చాలావరకు 20 నిమిషాల్లో 30 ఇంగ్లీషు ప్రశ్నలకు జవాబివ్వాలి, అక్కడ బరువంతా కాంప్రహెన్షన్, వాక్యంలో తప్పులు, ఖాళీల మీద ఉంటుంది. వాళ్ళు ఇదే అంకీని, క్రియకు చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే ఫ్రేజల్ వెర్బులకు వాడుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. అలాగే వ్యాసం రాయాల్సిన పరీక్షలకు కార్డులు సాయపడవు. జాతీయం అర్థం తెలియడం ఒకటి, దాన్ని ఎక్కడ వాడితే అందంగా ఉంటుందో తెలియడం మరొకటి. రెండోది ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలు చదివితేనే వస్తుంది. నేను చదువుతూ కార్డుల్లో ఉన్న జాతీయం కనిపించినప్పుడల్లా ఆ వాక్యాన్ని కూడా వెనుకవైపు చేర్చుకుంటున్నాను.

గత నెలలో జగిత్యాల చెల్లి తనకూ ఈ కార్డులు కావాలని అడిగింది. అంకీలో కట్ట మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసి ఇవ్వవచ్చు, అప్పుడు మన పునశ్చరణ తేదీలు అందులోకి వెళ్ళకుండా ఒక గడిలో టిక్ తీసేయాలి, లేకపోతే నా ఎడాలే తనకూ వచ్చిపడతాయి. అలా తీసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత చూస్తే, తను అర్థాలూ జాగ్రత్త గుర్తులూ ఉంచుకుని నా వాక్యాలన్నీ చెరిపేస్తోంది. తెల్ల ఈక కార్డు దగ్గర ఆగి, "సేతువ ఏందో నాకెర్కలేదు అక్కా, మా తాత ఊరి చెర్వు కట్ట తెగిన రాత్రి ఎన్కకు తగ్గలేదు, గది రాసుకుంట" అంది.